గడ్డత్త బొటనవేలు

ఆవిడకి ఒక పేరుంది. ఆస్పత్రి చీటీ మీద రాయాల్సి వచ్చిన రోజున, ఆ పేరు గుర్తు తెచ్చుకోవడానికి మొగుడు టైలరు కాసేపు తడుముకున్నాడు. కట్టుకున్న పెళ్ళాం పేరు మర్చిపోయిన మగాణ్ణి లోకం ఏమంటుందో ఆయనకి తెలియకపోలేదు. కానీ తప్పు పూర్తిగా ఆయనది కాదు. ముప్ఫై ఏళ్ళుగా వీధి వీధంతా ఆవిడని గడ్డత్త అనే పిలిచింది. గడ్డి పెంచే అత్త కాబట్టి గడ్డత్త. ఆవిడకంటే వయసులో పెద్దవాళ్ళు కూడా అత్తా అనే అనేవాళ్ళు, ఆవిడ కూడా "ఏం తల్లీ" అని వాళ్ళనే చిన్నవాళ్ళని చేసేసేది.

గడ్డి అంటే గొడ్లు మేసేది అనుకునేరు. ఇది మనుషులు తినే నీటిగడ్డి. మోకాలి లోతు నీళ్ళలో, బురదలో వేళ్ళూని, మనిషెత్తు పెరుగుతుంది. ఆకు పొడుగ్గా, చెరుకాకులా ఉంటుంది. అజాగ్రత్తగా దూస్తే చెయ్యి కోస్తుంది. తినేది ఆకు కాదు. కాండం మొదట్లో, నీటికి కాస్త పైన, లోపల ఒక గడ్డ ఊరుతుంది. పైపొరలు ఒలిస్తే తెల్లగా, జానెడు పొడుగున, పసిపిల్లవాడి ముంజేయిలా బొద్దుగా బయటికొస్తుంది. పచ్చిది కొరికితే కరకరలాడుతుంది. చక్రాలుగా తరిగి, కాస్త నూనె, కాస్త ఉప్పు వేసి వేయిస్తే ఇంకేమీ అక్కర్లేదు.

మరొకరింట్లో "గడ్డి తింటున్నావా" అంటే తిట్టు. వీళ్ళింట్లో అది భోజనానికి పిలుపు. "మా ఆవిడ నాకు రోజూ గడ్డి పెడుతుంది" అని టైలరు తన షాపుకొచ్చిన వాళ్ళతో చెప్పి, వాళ్ళు నవ్వేదాకా ఆగేవాడు. గడ్డత్త రెండు రకాల గడ్డీ పెట్టేది లెండి. కంచంలో ఒకటి, మాటల్తో ఒకటి. రెండోది ఇంకా ధారాళంగా పెట్టేది.

ఈ గడ్డి సంగతిలో అసలు చిత్రం వేరే ఉంది. ఆ గడ్డ ఊరికే రాదు. కాండంలోకి ఒక బూజు చేరాలి. గడ్డికి అది రోగం. రోగం చేరిన గడ్డి పూయదు, కంకి వెయ్యదు. ఆ సత్తువంతా మొదట్లో పోగై గడ్డ కడుతుంది. రోగం లేని గడ్డి మాత్రం నిటారుగా, నిగనిగలాడుతూ పెరిగి, నెత్తిన కంకి పెట్టుకుని ఊగుతుంది. లోపల చూస్తే డొల్ల. అలాంటి దానికి గడ్డత్త పెట్టిన పేరు పెళ్ళికొడుకు. చిన్న చిన్న చుక్కలైతే ఫరవాలేదు గానీ, బూజు మరీ ముదిరితే గడ్డ లోపలంతా మసి పట్టినట్టు నల్లబడుతుంది. అటు డొల్లా కాకుండా ఇటు మసీ కాకుండా, మర్యాదగా రోగం ఉన్న దుబ్బులే కావాలి. వాటిని తల్లులు అనేది. తల్లులకి గింజలుండవు కాబట్టి ప్రతి ఏడూ ఆ దుబ్బుల్నే చీల్చి నాటుకోవాలి. ఏది తల్లో ఏది కాదో తేల్చుకోవడంలోనే ఉంది విద్యంతా.

ఆ విద్య గడ్డత్త కుడిచేతి బొటనవేల్లో ఉండేది. కాండం మొదలు మీద వేలు ఆనించి ఒక్కసారి అదిమేది. అంతే. "తల్లి", "తల్లి", "మసి", "తల్లి", "ఓరి నీ సోకు మండా, పెళ్ళికొడుకు" అనుకుంటూ వరస వరసా దాటిపోయేది. కోతల సమయంలో తల్లులకి గుడ్డపీలికలు కట్టేది. టైలరు షాపులో పీలికలకేం లోటు?

ఆ వేలికి పని నేర్పింది అత్తగారు, అంటే టైలరు తల్లి. తల్లి లేని పిల్లగా కాపురానికి వచ్చిన కోడలికి ఆ పెద్దావిడ నగలేవీ పెట్టలేదు, పెట్టడానికి ఉంటే కదా. మూడో రోజున కొంగు బిగించి మడిలోకి దింపింది. "కంటితో చూడకే, కన్ను మోసగత్తె. వేలికి చెప్పుకో" అంది. వేలికి చెప్పుకోవడానికి కోడలికి నాలుగేళ్ళు పట్టింది. పోయే ముందు అన్నం సహించని రోజుల్లో, పల్చగా కోసి ఉడకబెట్టిన ఆ గడ్డ చక్రాలే అత్తగారి గొంతు దిగాయి. ఆవిడ బట్టలు చిరిగిపోయాయి, గిన్నెలు సొట్టలుపోయాయి, ఫోటో ఒకటి ఉంటే చెదలు తినేసింది. మిగిలింది గడ్డే. చుట్టుపక్కల మడుల్లో వేరే గడ్డి కూడా ఉంది, అది లావుగా వస్తుంది గానీ నారెక్కువ. గడ్డత్త మడిలోది అత్తగారి గడ్డి. ఆ మాట అన్నప్పుడు మాత్రం ఆవిడ హాస్యమాడేది కాదు.

మిగతా అన్నిటికీ ఆడేది. వచ్చిన చిక్కల్లా అదే. "బూజు పడితేనే మనకి బువ్వండీ, రోగమే మన భాగ్యం" అని ఆవిడ ముప్ఫై ఏళ్ళుగా చెబుతూనే ఉంది. వెయ్యి వేళాకోళాల్లో ఇదొకటి అనుకున్నాడు టైలరు. ఆయన ఎప్పుడూ చీలమండ దాటి మడిలోకి దిగిన పాపాన పోలేదు. ఇస్త్రీ మడత నలగని ప్యాంటు, చెవి మీద పెన్సిలు, మెడలో కొలతల టేపు, ఆరడుగుల మనిషి. పెళ్ళికొడుకన్న పేరు అసలు ఆయన్ని చూసే పెట్టానని గడ్డత్త నలుగురిలోనూ అనేది, ఆయన మురిసిపోయేవాడు. కంచంలో ఏ ముక్క మీదైనా చిన్న నల్లచుక్క కనబడితే చాలు, దాన్ని రెండు వేళ్ళతో తీసి కంచం అంచున పెట్టేవాడు. మచ్చ పడిన బట్టని కత్తిరించి పక్కన పడేసే అలవాటు. ఆ ముక్కల్ని గడ్డత్త ఆయన కంచంలోంచి తీసుకుని తినేసేది. "ఇందులోనే ఉందండీ రుచి, మీకు రాసిపెట్టి లేదు" అనేది.

ఒక పొద్దున తల దువ్వుకుంటుంటే ఆ బొటనవేలికే మెడ మీద ఏదో తగిలింది. అదిమి చూసుకుంది. తర్వాత షాపులోకి వచ్చి, మిషను తొక్కుతున్న మొగుడితో, "ఏమండీ, నాకూ గడ్డ ఊరింది. మడిలో ఊరితే పండగ, మెడలో ఊరితే ఏమిటో" అంది. ఆయన నవ్వబోయి, ఆవిడ నవ్వడం లేదని చూసి ఆగిపోయాడు. కాలు ఆగింది, మిషను ఆగింది. కుడుతున్న చొక్కా చెయ్యి వంకరగా పోయింది.

ఆస్పత్రిలో డాక్టరమ్మ గడ్డ తీసేసింది. తీశాక బయటికొచ్చి, "లోపల కొంచెం నల్లగా ఉందండి. పరీక్షకి పంపించాం. పది రోజుల్లో తెలుస్తుంది" అని చెప్పి వెళ్ళిపోయింది. డాక్టర్లకి అది మామూలు మాట. టైలరు మాత్రం వరండాలో బల్ల మీద కూర్చుని ఆ "నల్లగా" అన్న మాటనే పట్టుకున్నాడు. మంచం దగ్గరికి వెళ్ళినప్పుడు ఏమీ చెప్పలేదు. ఆవిడ మెడ మీది కుట్లు చూసి, "కుట్లు ఎడంగా వేశారు. నేనైతే ఇంకాస్త దగ్గరగా వేసేవాణ్ణి" అన్నాడు. ఆవిడకి గొంతు పెగలడం లేదు. గుసగుసగా ఒక్కటే అడిగింది.

"మడి ఎండగట్టే రోజులు. పీలికలు కట్టిన తల్లుల్ని ఉంచి మిగతావి పీకించండి. మర్చిపోరుగా?"

"నీకెందుకోయ్, నేను చూసుకుంటాగా" అన్నాడు.

చూసుకున్నాడు. ఆవిడని తన చెల్లెలింట్లో దింపి, షాపుకి తాళం వేసి, జీవితంలో మొదటిసారి ప్యాంటు మోకాళ్ళ పైకి మడిచి మడిలోకి దిగాడు. పీలికలు కట్టిన దుబ్బులు నలభై దాకా ఉన్నాయి. పొట్టిగా, కాస్త వంగి, ఆకు చివర్లు పాలిపోయి ఉన్నాయి. వాటి పక్కనే పీలిక లేనివి కొన్ని కండబట్టి, పచ్చగా, సూటిగా నిలబడ్డాయి. అనుమానమొచ్చి పీలిక ఉన్న ఒక దుబ్బులో మోడుని కత్తితో చీల్చాడు. తెల్లటి గుజ్జులో నల్లచుక్కలు.

ఇక్కడ మనం టైలరుని తిట్టుకోవచ్చు. తిట్టుకునే ముందు ఆ పది రోజుల్లో అది నాలుగో రోజని గుర్తుంచుకోవాలి. ఇంట్లో ఒంటరిగా అన్నం వండుకుని సగం పారేస్తున్న మనిషి. చేతిలో మోడు, మోడులో నల్లచుక్కలు. ఒంట్లో బాగాలేక, కళ్ళు తిరుగుతూ పీలికలు తారుమారు కట్టేసి ఉంటుందిలే పిచ్చిది, అనుకున్నాడు. అలా అనుకోవడం తేలిక. నిజం చెప్పాలంటే అంతకన్నా లోపలి సంగతి ఇంకోటి ఉంది. ఆవిడ తిరిగొచ్చేసరికి ఆవిడకి సంబంధించిన దాంట్లో ఎక్కడా నల్లమచ్చన్నది ఉండకూడదని ఆయన మనసులో గట్టిగా పడిపోయింది. నలభై దుబ్బుల్నీ వేళ్ళతో సహా పీకి గట్టు అవతలి కాలవలోకి గిరాటు వేశాడు. పీలికలు విప్పి, పచ్చగా ఉన్న వాటికి కట్టాడు. వదులుగా కట్టలేదు, బొత్తాం కుట్టిన చేత్తో ముచ్చటగా కట్టాడు. నడుం పట్టేసింది, అరచేతులు బొబ్బలెక్కాయి. ఆ రాత్రి ఒళ్ళెరక్కుండా నిద్రపోయాడు.

పదో రోజున మంచి కబురే వచ్చింది. భయపడాల్సిందేం లేదంది డాక్టరమ్మ. ఎండాకాలం దాటేదాకా బరువులెత్తకూడదు, నీళ్ళలో నానకూడదు, అంతే. మడిలో తను చేసిన పనికీ ఈ కబురుకీ ఏదో సంబంధముందని టైలరు పైకి ఎవరితోనూ అనలేదు. మనసులో మాత్రం అనుకున్నాడు, పాపం.

దుబ్బులు చీల్చి నాటించాడు, నీళ్ళు పెట్టించాడు. గడ్డత్త ఇంటికొచ్చి మంచం మీంచే ఆరా తీసేది. "బ్రహ్మాండంగా ఉంది, నువ్వు కోతలకి వద్దువుగాని" అనేవాడు. అబద్ధం కాదది. పక్క మడిలో బాతులు మేపుకునే ఆయన కూడా ఇంటికొచ్చి మరీ చెప్పాడు. "అత్తా, ఇన్నేళ్ళూ నువ్వు పెంచావు గానీ, మామ చెయ్యి పడితే కదా గడ్డి గడ్డిలా వచ్చింది! తల దాటిపోయింది." టైలరు మీసం దువ్వుకున్నాడు. గడ్డత్త మొహంలో ఒక చిన్న నీడ కదిలింది. తల దాటడం ఆవిడకి నచ్చలేదు.

వానలు మొదలయ్యాక, ఇక ఉండబట్టలేక, చెప్పకుండా మడి దగ్గరికి వెళ్ళింది. టైలరు వెనకాలే గొడుగు పట్టుకుని పరుగెత్తాడు. ఆయన వెళ్ళేసరికి ఆవిడ గట్టు మీద నిలబడి ఉంది. మడి నిండా ఆకుపచ్చగా, ఏపుగా, ఒక్క వంకర లేకుండా గడ్డి. దాని మీద ఆ చివర నుంచి ఈ చివరదాకా కంకులు. చూడ్డానికి ఎంత బాగుందో.

ఆవిడ గట్టు మీంచి వంగి దగ్గరున్న కాండం అదిమింది. పక్కది అదిమింది. వరస పొడుగునా అదుముకుంటూ వెళ్ళి వెనక్కి వచ్చింది. కింద కూర్చుంది.

"అన్నీ పెళ్ళికొడుకులే" అంది. గొంతు ఇంకా బొంగురుగానే ఉంది. "నేను పీలికలు కట్టినవి ఏం చేశారండీ?"

టైలరుకి అప్పుడు అర్థమైంది. ముప్ఫై ఏళ్ళ వేళాకోళం ఒక్కసారిగా నిజమై ఎదురుగా నిలబడింది. చెప్పేశాడు. ఒక్కటీ దాచలేదు, మోడు చీల్చడం, చుక్కలు, కాలవ. "అందులో నల్లగా కనబడిందోయ్. నీ దాంట్లోనూ నల్లగా ఉందన్నారు. నాకు భయమేసింది. చేతులు ఆగలేదు" అన్నాడు.

ఆవిడ చాలాసేపు మడి వైపు చూసింది. "మీ అమ్మ గడ్డి" అంది చివరికి. అంతకన్నా ఒక్క మాట రాలేదు.

ఇంటికొచ్చాక కూడా రాలేదు. అన్నం పెట్టింది, నీళ్ళు తోడింది, పడక వేసింది. తిట్టలేదు. టైలరుకి తిట్లు కొత్త కాదు, తిట్లు లేకపోవడం కొత్త. మూడో రోజుకి ఆయన తట్టుకోలేకపోయాడు. "ఏమోయ్, నన్ను తిట్టు. కడుపునిండా గడ్డి పెట్టు. ఇలా ఊరుకోకు" అన్నాడు. "పెట్టడానికి గడ్డి ఎక్కడుందండీ" అంది ఆవిడ. అది హాస్యమో కాదో ఆయనకి తెలియలేదు. ఆవిడకీ తెలిసినట్టు లేదు. బాతులాయన వచ్చి "నా మడిలోవి ఓ పది దుబ్బులు పట్టుకుపో అత్తా, అదీ గడ్డే" అంటే, మంచినీళ్ళిచ్చి, మంచి మాట చెప్పి, వద్దని పంపించేసింది.

మర్నాడు పొద్దున్నే టైలరు కాలవలోకి దిగాడు. తొడ లోతు నీళ్ళు. గిరాటు వేసింది చలికాలంలో, ఇప్పుడు వానాకాలం. ఏ దుబ్బు ఎక్కడికి కొట్టుకుపోయిందో, ఏది కుళ్ళిందో. కాలవ పొడుగునా తుంగ, రెల్లు, పేరు తెలియని గడ్డి, అన్నీ ఒక్కలాగే ఉన్నాయి. ఆయన కూడా కాండాలు అదిమి చూశాడు. ముప్ఫై ఏళ్ళు కత్తెర పట్టి కాయలు కాసిన బొటనవేలు. దానికి గాజుబిళ్ళకీ గుమ్మడికాయకీ తేడా తెలియదు. అనుమానం వచ్చినదల్లా కోసుకుని ఒక మోపు ఇంటికి తెచ్చాడు. గడ్డత్త వసారాలో కూర్చుని ఒక్కొక్కటే అదిమింది. "తుంగ. రెల్లు. ఇదేమిటో నాకూ తెలీదు. ఇదీ రెల్లే." రెండో రోజు ఇంకో మోపు. మూడో రోజు ఇంకోటి. కాళ్ళకి జలగలు పట్టి, చేతులు ఆకు కోతలతో గీతలు పడి, ఇస్త్రీ ప్యాంటు రంగు మారిపోయింది. షాపు తలుపు మీద "రేపు రండి" అన్న అట్ట వేలాడుతూనే ఉంది.

అయిదో రోజున కాలవ రోడ్డు కిందికి దూరే తూము దగ్గర ఆయాసంతో ఆగాడు. తూము గోడకి చెత్త అడ్డుపడి చిన్న కుప్ప అయింది. ఆ కుప్పలోంచి పొట్టిగా, వంగి, పాలిపోయిన ఆకులతో ఒక దుబ్బు. అదమబోయి, చెయ్యి ఆపాడు. చూశాడు. కాండం మొదట్లో చుట్టుకున్న ఆకుపొర ఒక పక్కన విచ్చి, సన్నని తెల్లటి గీత కనబడుతోంది. ఆ విచ్చడం ఆయనకి తెలుసు. బొజ్జ పెరిగినవాళ్ళు పాత కొలతల చొక్కా తొడుక్కొచ్చి షాపులో నిలబడితే, పక్క కుట్టు దగ్గర సరిగ్గా అలాగే విచ్చుతుంది. లోపలి మనిషి లావెక్కాడు, చొక్కా చాలడం లేదు. ఇన్ని రోజులూ వేలితో వెతికాడు గానీ, చొక్కా బిగుతు కనిపెట్టడానికి టైలరుకి వేలెందుకు?

దాన్ని కొయ్యలేదు. మట్టితో సహా పెకలించి, తడి గోనెలో చుట్టి, పసిబిడ్డని ఎత్తుకొచ్చినట్టు ఎత్తుకొచ్చాడు. గడ్డత్త కూరగాయలు తరుగుతోంది. ఆవిడ ముందు దించాడు. ఆవిడ చెయ్యి తుడుచుకుని వేలు ఆనించింది. అదిమింది. మళ్ళీ అదిమింది. రెండోసారి అదమడం ఆయన ఎన్నడూ చూడలేదు.

"ఎక్కడ దొరికింది?"

"తూము దగ్గర. చొక్కా బిగుతయ్యింది దానికి. కుట్టు విచ్చింది, చూడు."

ఆవిడ ఆ తెల్లగీత వంక చూసింది, ఆయన వంక చూసింది. కళ్ళు నిండాయి. "మా అత్తగారు కన్ను మోసగత్తె అంది. మీ కన్ను చూసి ఉండదు పాపం" అంది. అని ఏడ్చేసింది. ఆపరేషను రోజున ఏడవని మనిషి, మడి పోయిన రోజున ఏడవని మనిషి, అంత బొంగురు గొంతుతోనూ ఏడ్చింది. టైలరు బురద చేతుల్తోనే ఆవిడ భుజం పట్టుకున్నాడు.

దుబ్బుకి మూడు పిలకలున్నాయి. ఒకటి ముదిరింది. ఖాయం చేసుకోవాలంటే దాన్ని కోసి చూడాలి. మిగతా రెండింటితో దుబ్బుని పెరట్లో తొట్టిలో నాటారు. రెండు చాలు, రెండు నాలుగవుతాయి, మూడేళ్ళు ఆగితే మడి నిండుతుంది. ఆగడానికి ఇద్దరికీ తీరికే.

కోసిన గడ్డని ఒలిచింది. చక్రాలుగా తరిగింది. తరుగుతుంటే రెండు మూడు చక్రాల మీద సన్నగా నల్లచుక్కలు కనబడ్డాయి. కాస్త నూనె, కాస్త ఉప్పు. ఆ మధ్యాహ్నం ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. చుక్కలున్న ముక్కల్ని ఎప్పట్లాగే తన కంచంలో వేసుకుని, తెల్లవి ఆయనకి వడ్డించి, "అడిగారుగా, ఇదిగో, గడ్డి పెడుతున్నాను. తినండి" అంది.

టైలరు తన కంచం వైపు చూడలేదు. చెయ్యి చాపి, ఆవిడ కంచంలోంచి చుక్కలున్న ముక్క ఒకటి తీసుకుని నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. ఇంకోటి తీసుకున్నాడు.

"ముప్ఫై ఏళ్ళూ మంచివన్నీ నువ్వే తిన్నావటోయ్" అన్నాడు.

ఆవిడ కంచం ఆయన వైపు జరిపింది.